మారియో లాంటి గేమ్ మీరే చేయాలంటే: ముందు జంప్, తర్వాతే బొమ్మలు

టీవీకి తగిలించుకుని, క్యాసెట్ పడకపోతే తీసి ఊది మళ్లీ పెట్టి, అన్నదమ్ములు వంతులేసుకుని ఆడిన మారియో గుర్తుందా? అలాంటి గేమ్ ఒకటి నా చేతులతో నేను చేయాలి అని ఎప్పుడైనా అనిపించి ఉంటే ఇది చదవండి. నేను బెంగళూరులో, మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు ఈ గేమ్ పని. రెండేళ్లుగా చేస్తున్నాను. ఇందులో మొదటి ఎనిమిది నెలలు బొమ్మలు గీయడానికే పోయాయి. మూడు ప్రపంచాలకు సరిపడా నేల, చెట్లు, శత్రువులు అన్నీ గీసి పెట్టుకున్నాక రూమ్మేట్‌కి ఇస్తే రెండు నిమిషాలు ఆడి, "జంప్ ఏదో బరువుగా ఉంది రా, నొక్కితే లేవట్లేదు" అని కింద పెట్టేశాడు. వాడు చెప్పింది నిజమే. ఆ రోజే బొమ్మలన్నీ పక్క ఫోల్డర్‌లోకి తోసేసి, బూడిద రంగు డబ్బా ఒకటి పెట్టుకుని దాన్ని దూకించడం దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. మీకు ఆ ఎనిమిది నెలలు పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: మారియోనే పెడతారా, మీ హీరోనా?

ఇది మొదటి రోజే తేల్చుకోండి, ఎందుకంటే తర్వాత మార్చడం చాలా కష్టం. అభిమానులు చేసే గేమ్‌లు రెండు రకాలు. ఒకటి, అసలు పాత్రలు, అసలు పేరు, అసలు సంగీతం పెట్టి చేసేవి. రెండోది, ఆ ఆట తీరు మాత్రమే తీసుకుని పాత్ర, కథ, బొమ్మలు అన్నీ సొంతంగా చేసేవి. బొమ్మలకు, సంగీతానికి, కోడ్‌కి కాపీరైట్ ఉంటుంది, పేర్లకు ట్రేడ్‌మార్క్ ఉంటుంది. పరిగెత్తడం, దూకడం, శత్రువు నెత్తిన తొక్కడం అనే ఆలోచన మాత్రం ఏ ఒక్కరి సొత్తూ కాదు.

మొదటి రకంలో ఏమవుతుందో చెప్పడానికి ఏఎం2ఆర్ కథ ఒక్కటి చాలు. పాత గేమ్‌బాయ్ మెట్రాయిడ్ 2ని కొత్తగా తీర్చిదిద్దడానికి అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తీ దాదాపు పదేళ్లు కష్టపడ్డాడు. 2016 ఆగస్టులో విడుదల చేశాడు, ఆడినవాళ్లంతా మెచ్చుకున్నారు, కొద్ది రోజుల్లోనే, మారియో, మెట్రాయిడ్ రెండిటి హక్కులూ ఉన్న నింటెండో కంపెనీ నుంచి నోటీసులు వచ్చి డౌన్‌లోడ్‌లు తీసేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అదే మెట్రాయిడ్ 2కి నింటెండో సొంత రీమేక్ వచ్చింది. పదేళ్ల పని అలా పోవడం చూస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అన్ని కంపెనీలూ ఒకేలా ఉండవు, అది కూడా చెప్పాలి. సోనిక్ అభిమానిగా సొంత ఇంజిన్ (గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) రాసుకున్న క్రిస్టియన్ వైట్‌హెడ్‌కి సోనిక్ గేమ్‌ల కంపెనీ సెగానే పని ఇచ్చింది, అతనూ ఇంకొందరు అభిమానులూ కలిసి చేసిన సోనిక్ మేనియా 2017లో సెగా పేరు మీదే వచ్చింది. సింగపూర్ అభిమాని ఒకరు మెగా మ్యాన్, స్ట్రీట్ ఫైటర్ పాత్రలను కలిపి చేసిన గేమ్‌ని ఆ పాత్రల కంపెనీ క్యాప్‌కామ్ 2012 డిసెంబర్‌లో తానే ఉచితంగా విడుదల చేసింది. కానీ మనకు అలా పిలుపు వస్తుందనుకుని పని మొదలుపెట్టలేం కదా.

కాబట్టి నా సలహా రెండో దారి. ఆ దారిలో సూపర్‌టక్స్ ఉంది చూడండి, లినక్స్ పెంగ్విన్‌ని హీరోగా పెట్టి మారియో తీరులో చేసిన ఉచిత గేమ్. ఇరవై ఏళ్లు దాటినా ఇంకా నడుస్తోంది, ఎవరూ ఆపలేదు, దాని కోడ్ కూడా తెరిచి చదువుకోవచ్చు. మీకు మారియోలో నచ్చింది మీసమా, జంపా అని ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి. జంప్ అయితే దాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు.

సామాన్లు

పెద్దగా ఏమీ అక్కర్లేదు. గోడాట్ ఇంజిన్ ఉచితం, ఎంఐటీ లైసెన్స్, మీరు చేసిన గేమ్ అమ్ముకున్నా వాళ్లకు పైసా ఇవ్వక్కర్లేదు. మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా 2డీ పని హాయిగా నడుస్తుంది (ఆఫీసు ల్యాప్‌టాప్ అన్నది ఉదాహరణకే, గేమ్ పని సొంత మెషీన్‌లోనే చేయండి, లేదంటే హక్కుల గొడవ వస్తుంది). ఒక యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ కొనుక్కోండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది, అక్కడికక్కడే కొట్టులో తగిలించి అన్ని బటన్లూ నొక్కి చూసి తీసుకోండి. కీబోర్డ్‌తోనే సరిచూసుకుంటే జంప్ సరిగ్గా కుదిరిందో లేదో బొటనవేలికి తెలియదు.

కొత్త ప్రాజెక్ట్ తెరిచేటప్పుడు రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర కంపాటిబిలిటీ అన్నది ఎంచుకోండి. రేపు బ్రౌజర్‌లో ఆడించాలంటే అదే కావాలి. తర్వాత ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో తెర సైజు 320 x 180 పెట్టండి. ఇంత చిన్నదా అనుకోకండి. 320 x 180ని నాలుగు రెట్లు చేస్తే 1280 x 720, ఆరు రెట్లు చేస్తే సరిగ్గా 1920 x 1080. అంటే చాలా తెరల మీద ప్రతి చుక్కా సమానమైన చదరంగా కనిపిస్తుంది. స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్ అని, స్కేల్ మోడ్ ఇంటీజర్ అని, టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్ అని మార్చండి. ఫిల్టర్ మార్చకపోతే బొమ్మలు నీళ్లలో తడిసిన కాగితంలా మసకగా వస్తాయి, చాలామంది ఇక్కడే బొమ్మలో తప్పుందేమోనని మళ్లీ మళ్లీ గీసుకుంటూ కూర్చుంటారు.

ఇంకో పని, ఇది ఇప్పుడే చేయండి: గిట్ (చేసిన మార్పులన్నీ దాచి పెట్టే సాధనం) పెట్టుకుని ప్రతి రాత్రి పని ఆపే ముందు ఆన్‌లైన్‌లోకి ఒక కాపీ పంపండి. నా ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ ఒకసారి పోయింది, మూడు వారాల పని దాంతోపాటే పోయింది.

బూడిద రంగు డబ్బా

క్యారెక్టర్‌బాడీ2డీ అనే నోడ్ (గోడాట్‌లో గేమ్‌ని కట్టే ముక్క) ఒకటి పెట్టి, దానికి 12 పిక్సెల్స్ వెడల్పు, 16 పిక్సెల్స్ ఎత్తు ఉన్న డబ్బా తగిలించండి. కింద నేలకి ఒక పొడుగు డబ్బా, అక్కడక్కడా మెట్లలాగా నాలుగైదు డబ్బాలు. స్క్రిప్ట్ తగిలించేటప్పుడు గోడాట్ తానే బేసిక్ మూవ్‌మెంట్ అనే తయారు కోడ్ ఇస్తుంది. అది తీసుకోండి, తప్పులేదు, కానీ అందులో ఉన్న అంకెలు అలాగే ఉంచకండి. నడక వేగం 300 అని ఉంటుంది, మన తెర వెడల్పే 320, అంటే సెకను తిరిగేసరికి హీరో తెర ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోతాడు. దాన్ని 120 చేయండి.

ఇప్పుడు అసలు విషయం, జంప్. చాలామంది గ్రావిటీ ఒక అంకె, జంప్ వేగం ఒక అంకె పెట్టి, బాలేకపోతే ఒకటి పెంచి, ఇంకొకటి తగ్గించి, రాత్రంతా అలా తిప్పుతూనే ఉంటారు. అలా చేయకండి. మీరు నిర్ణయించాల్సినవి రెండే: ఎంత ఎత్తు ఎగరాలి, ఆ ఎత్తుకి ఎంతసేపట్లో చేరాలి. మిగతావి ఇంటర్‌లో చదివిన ఫిజిక్సే చెప్తుంది. ఎత్తుని రెండుతో గుణించి సమయంతో భాగిస్తే జంప్ వేగం వస్తుంది. ఎత్తుని రెండుతో గుణించి సమయం వర్గంతో భాగిస్తే గ్రావిటీ వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. మన టైల్, అంటే లెవెల్ కట్టే చదరపు గడి, 16 పిక్సెల్స్. హీరో నాలుగు టైల్స్ ఎత్తు, అంటే 64 పిక్సెల్స్ ఎగరాలి, పైకి చేరడానికి 0.4 సెకను పట్టాలి. వేగం: 128ని 0.4తో భాగిస్తే 320. గ్రావిటీ: 128ని 0.16తో భాగిస్తే 800. అంతే. గోడాట్‌లో కిందికి వెళ్లే దిశ ప్లస్ కాబట్టి జంప్ వేగానికి మైనస్ గుర్తు పెట్టాలి, అది మర్చిపోతే హీరో నేలలోకి దూకడానికి ప్రయత్నిస్తాడు. జంప్ తేలిగ్గా, గాలిలో తేలినట్టు కావాలంటే సమయాన్ని 0.5 చేయండి, చురుగ్గా కావాలంటే 0.33 చేయండి, ఎత్తు మాత్రం మారదు. అందుకే ఈ పద్ధతి మంచిది. లెవెల్ కట్టాక కూడా జంప్ తీరు మార్చుకోవచ్చు, మెట్ల ఎత్తులు చెడిపోవు.

దీని తర్వాత చేయాల్సినవి నాలుగు. ఒక్కొక్కటీ చేసి, వెంటనే ఆడి చూసి, తేడా వేలికి తెలిసాకే ఇంకోదానికి వెళ్లండి.

దిగేటప్పుడు గ్రావిటీ పెంచండి. పైకి వెళ్లేటప్పుడు 800 అయితే, కిందికి వచ్చేటప్పుడు 1280 పెట్టి చూడండి. రూమ్మేట్ చెప్పిన ఆ బరువు ఇక్కడే పోయింది నాకు. రెండువైపులా ఒకే గ్రావిటీ ఉంటే పైన ఎక్కువసేపు వేలాడినట్టు, బటన్ మన మాట విననట్టు అనిపిస్తుంది. పడే వేగానికి 400 దగ్గర ఒక హద్దు కూడా పెట్టండి, లేకపోతే ఎత్తు నుంచి పడేటప్పుడు ఎక్కడ దిగుతున్నాడో కన్ను పట్టుకోలేదు.

బటన్ వదిలితే జంప్ తగ్గాలి. 1985లో వచ్చిన మొదటి సూపర్ మారియో బ్రదర్స్‌లోనే ఇది ఉంది. బటన్ కాస్త నొక్కితే చిన్న గెంతు, గట్టిగా పట్టుకుంటే పెద్ద జంప్. ఒక్క బటన్‌తో అన్ని రకాల ఎత్తులు వస్తాయి. చేయడం సులువు: బటన్ వదిలిన క్షణంలో హీరో ఇంకా పైకే వెళ్తుంటే ఆ వేగాన్ని సగం చేయండి. వదిలిన ఆ ఒక్క క్షణంలోనే చేయాలి, ప్రతి ఫ్రేమ్‌లో (తెర మీద బొమ్మ మారే ప్రతి విడతలో) సగం చేస్తూ పోతే గోడకి తగిలినట్టు ఆగిపోతాడు.

కయోటీ టైమ్. కార్టూన్‌లో తోడేలు లాంటి ఆ కయోటీ కొండ అంచు దాటి కూడా గాలిలో కాసేపు నిలబడుతుంది కదా, ఆ పేరే దీనికి పెట్టారు. ఆడేవాళ్లు అంచు చివరిదాకా వచ్చి దూకాలనుకుంటారు, ఎప్పుడూ ఓ క్షణం ఆలస్యంగా నొక్కుతారు, హీరో పడిపోతాడు, "నేను నొక్కాను, గేమే వినలేదు" అంటారు. వాళ్ల మాటే నిజం చేయండి. నేల వదిలాక కూడా 0.1 సెకను వరకు జంప్‌కి అనుమతి ఇవ్వండి. సెకనుకి 60 ఫ్రేమ్స్ మీద అది ఆరు ఫ్రేమ్స్.

జంప్ బఫర్. ఇది దానికి రివర్స్. నేలని తాకడానికి కొంచెం ముందే బటన్ నొక్కేస్తారు. ఆ నొక్కుని పారేయకుండా 0.1 సెకను గుర్తు పెట్టుకుని, నేల తగలగానే దూకించండి. ఈ రెండిటికీ రెండు టైమర్లు పెట్టుకోండి: నేల మీద ఉన్నప్పుడల్లా మొదటిదాన్ని 0.1కి తేవాలి, బటన్ నొక్కినప్పుడల్లా రెండోదాన్ని 0.1కి తేవాలి, రెండూ ప్రతి ఫ్రేమ్‌లో తగ్గుతూ ఉంటాయి, రెండూ సున్నాకి పైన ఉంటే దూకు. దూకగానే రెండిటినీ సున్నా చేయడం మరవకండి. నేను మొదటిదాన్ని సున్నా చేయడం మర్చిపోయి, హీరో గాలిలో రెండోసారి ఎందుకు దూకుతున్నాడో తెలియక ఒక ఆదివారం అంతా వెతికాను.

ఇవి అయ్యాక ఓపిక ఉంటే తల మూలకి తగిలినప్పుడు మూడు నాలుగు పిక్సెల్స్ పక్కకి జరిపి పైకి పోనివ్వడం కూడా చేయొచ్చు. 2018లో వచ్చిన సెలెస్ట్ ఇలాంటి చిన్న చిన్న సాయాలతో నిండి ఉంటుంది. అంత కష్టమైన గేమ్ ఆడుతున్నా కోపం రాకపోవడానికి ఇవే కారణం అని నా నమ్మకం.

ఈ డబ్బాని ఖాళీ మైదానంలో పది నిమిషాలు ఊరికే దూకిస్తూ ఉండగలిగితే, విసుగు రాకపోతే, అప్పుడు ముందుకి వెళ్లండి. నాకు ఇక్కడికి రావడానికి ఐదు వారాంతాలు పట్టాయి.

మీదంటూ ఒక సంగతి

ఆట తీరు వాళ్లదే, బొమ్మలు మాత్రం మనవి అంటే అది రంగు మార్చిన మారియో మాత్రమే అవుతుంది. ఆ తీరులోంచి ఒక్క అంశాన్ని పట్టుకుని దానికి మీ చుట్టూ ఉన్న బతుకులోంచి ఒక అర్థం ఇవ్వండి.

నేను పట్టుకున్నది జారుడు. మారియో వెంటనే పూర్తి వేగం అందుకోడు, వెంటనే ఆగడు, వెనక్కి తిరిగితే కాస్త జారుతాడు. మన డబ్బాకి కూడా అది పెట్టాలి: ఎడమ కుడి నొక్కగానే వేగం ఒక్కసారిగా 120 అయిపోకుండా, మూవ్‌టువర్డ్ అనే ఫంక్షన్‌తో పావు సెకనులో అక్కడికి చేర్చండి, ఆగేటప్పుడు ఇంకాస్త తొందరగా ఆపండి. ఇది పెట్టి ఆడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం మా వీధిలో ఆంధ్రా మెస్ కుర్రాడు స్టీలు క్యారేజీ పట్టుకుని, ఫుట్‌పాత్ మీదికి ఎక్కొచ్చిన స్కూటర్‌ని తప్పించుకుంటూ, సాంబారు ఒలక్కుండా నడుస్తూ కనిపించాడు. నా హీరో దొరికాడు. గేమ్‌లో అతను మెస్ నుంచి ఆఫీసుకి క్యారేజీ చేర్చాలి. గట్టిగా తిరిగితే, ఎత్తు నుంచి దబ్బున పడితే సాంబారు కొంచెం ఒలుకుతుంది. ఒలికింది ఎంతో చూపించడానికి పైన మూలన ఒక చిన్న గిన్నె ఉంటుంది, అంతే. వేగంగా వెళ్తే టైమ్ కలిసొస్తుంది, నెమ్మదిగా వెళ్తే సాంబారు మిగులుతుంది. దూకే తీరు పాతదే అయినా మనసులో పడే టెన్షన్ కొత్తది. చెన్నైలో ఉంటే మీకు ఇంకోటి కనిపిస్తుంది, గుంటూరులో ఉంటే ఇంకోటి. బయటకి వెళ్లి చూడండి.

లెవెల్: ఒక్కటి చాలు

ముప్పై రెండు లెవెల్స్ గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఒకటి చేయండి, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయేది.

కంప్యూటర్ మూసేసి గళ్ల కాగితం తీసుకోండి. తెర 320 పిక్సెల్స్, టైల్ 16, కాబట్టి 20 గళ్లు ఒక తెర. ముందు మీ హీరో ఎంత దూరం దూకగలడో లెక్క కట్టుకోండి. మన అంకెలతో పైకి 0.4, కిందికి 0.3 పైచిలుకు, మొత్తం 0.7 సెకను గాలిలో ఉంటాడు, 120 వేగంతో అది దాదాపు 85 పిక్సెల్స్, ఐదు గళ్లకు కాస్త ఎక్కువ. కాబట్టి మామూలు గోతులు రెండు మూడు గళ్లు ఉండాలి, కష్టమైనవి నాలుగు. ఐదు గళ్ల గొయ్యి మొదటి లెవెల్‌లో పెట్టకండి, అది నేర్పు కాదు, అదృష్టం అయిపోతుంది.

ఇప్పుడు సూపర్ మారియో మొదటి లెవెల్ ఒకసారి మళ్లీ ఆడండి, ఈసారి చదువుతున్నట్టు ఆడండి. ఒక్క మాట రాయకుండా ఎన్ని నేర్పుతుందో చూడండి. హీరో ఎడమ వైపు నిలబడి ఉంటాడు, కుడి వైపంతా ఖాళీ, అంటే అటు వెళ్లాలి. మొదటి శత్రువు ఒంటరిగా, నెమ్మదిగా వస్తుంది, దూకడం తెలియకపోతే చచ్చిపోతారు కానీ పోయింది నాలుగు అడుగులే. ప్రశ్న గుర్తు పెట్టెని కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి పైపుకి తగిలి మన వైపే తిరిగి వస్తుంది, భయపడి తప్పించుకోవాలనుకున్నా చాలాసార్లు తగిలేస్తుంది, అప్పుడు అది మంచిదని తెలుస్తుంది. మొదటి మూడు పైపులు ఒకదానికంటే ఒకటి ఎత్తుగా ఉంటాయి, బటన్ గట్టిగా పట్టుకోవడం అలా అలవాటవుతుంది. చివర్లో రెండు మెట్ల వరసలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో గొయ్యి లేదు, పడినా ఏమీ కాదు. వెంటనే అలాంటివే ఇంకో రెండు, ఈసారి మధ్యలో నిజంగా గొయ్యి. ముందు నేల మీద ఈత నేర్పి తర్వాత నీళ్లలోకి దింపినట్టు.

మీ లెవెల్‌లో ప్రతి కొత్త విషయాన్నీ ఇలాగే తీసుకురండి: ప్రమాదం లేని చోట ఒకసారి చూపించండి, తర్వాత కాస్త ప్రమాదంతో, ఆ తర్వాత అనుకోని మెలికతో, చివరికి వాళ్లు నేర్చుకున్నదంతా చూపించుకునే ఒక అవకాశం. నా దాంట్లో నీళ్ల ట్యాంకర్ ఉంది, పైన తడిగా ఉంటుంది, ఎక్కితే మరింత జారుతారు. మొదట ఆగి ఉన్న ట్యాంకర్, పక్కన గోతులేమీ లేవు. రెండోసారి దాని పక్కన తెరిచిన మ్యాన్‌హోల్. మూడోసారి ట్యాంకర్ కదులుతుంది. నాలుగోసారి మెట్రో పిల్లర్ల మధ్య రెండు కదిలే ట్యాంకర్లు. ఇంకేమీ పెట్టలేదు ఆ లెవెల్‌లో, అదే ఎక్కువ అనిపించింది.

కెమెరా గురించి ఒక్క మాట. హీరోని తెర నడిమధ్య కాకుండా కొంచెం వెనక ఉంచండి, ఎదురుగా వచ్చేది ముందే కనిపించాలి. జంప్ చేసిన ప్రతిసారీ కెమెరా పైకి కిందికి ఊగకూడదు, ఊగితే కళ్లు తిరుగుతాయి.

ఇప్పుడు బొమ్మలు, చప్పుళ్లు

ఇప్పుడు గీయండి, హాయిగా. 16 పిక్సెల్స్‌లో ముఖం గీయడం కుదరదని బాధపడకండి. 1981లో డాంకీ కాంగ్ కోసం మారియోని గీసినప్పుడు షిగేరు మియమోటోకి అదే ఇబ్బంది. జుట్టు గీయడం కుదరక టోపీ పెట్టాడు, ముక్కు కింద నోరు కనపడదు కాబట్టి మీసం పెట్టాడు, చేతులు ఊగడం తెలియాలని ఓవరాల్స్ వేశాడు. ఆ ఇబ్బందిలోంచే ప్రపంచమంతా గుర్తుపట్టే రూపం వచ్చింది. నా కుర్రాడికి ముఖం దాదాపు లేదు, భుజం మీద ఎర్ర తువ్వాలు, చేతిలో మెరిసే క్యారేజీ. ఎంత చిన్న తెర మీదైనా అతనే అని తెలుస్తుంది.

రంగులు తక్కువ పెట్టుకోండి, బొమ్మలు మళ్లీ మళ్లీ వాడండి. సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు, అందులో మేఘం, పొద రెండూ ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. గీయడానికి పిస్కెల్ బ్రౌజర్‌లోనే ఉచితంగా ఉంది. అసలు గీయడం రాకపోతే కెన్నీ అనే సైట్‌లో బొమ్మలు సీసీ0 కింద ఉన్నాయి, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. ఇంకెక్కడి నుంచి తెచ్చుకున్నా లైసెన్స్ చదివి, ఎవరి బొమ్మో ఒక ఫైల్‌లో రాసి పెట్టుకోండి. జంప్ చప్పుడు, నాణెం చప్పుడు లాంటివి ఎస్ఎఫ్ఎక్స్ఆర్ అనే సాధనంలో బటన్ నొక్కితే పుడతాయి. పాత గేమ్ పాటని మాత్రం కాపీ కొట్టి పెట్టకండి, నాలుగు స్వరాలైనా సొంతవే ఉండాలి.

ఇంకొకరి చేతికి ఇవ్వడం

ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే నోరు మూసుకుని కూర్చోవాలి. మా పీజీ ఓనర్ ఆంటీ వాళ్ల అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఇంట్లో కన్నడ మాట్లాడతారు, వాడికి తెలుగు చదవడం రాదు. మొదటి తెరలో నేను తెలుగులో రాసిన సూచనలు వాడికి గీతలే. గేమ్‌ప్యాడ్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. రెండో గోతిలో నాలుగుసార్లు పడ్డాడు. "బటన్ పట్టుకుని ఉంచు" అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను, పుస్తకంలో రాసుకున్నాను. ఐదోసారి వాడు ప్యాడ్ పక్కన పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి సూచనలన్నీ తీసేశాను. గొయ్యి పైన మూడు నాణేలని వంపుగా, హీరో ఎగిరే దారి ఎలా ఉంటుందో అలా పెట్టాను, మధ్యది బటన్ పూర్తిగా పట్టుకుంటేనే అందేంత ఎత్తులో. ఆ తర్వాతి శనివారం మళ్లీ ఇచ్చాను. నాణేల కోసం దూకాడు, మొదటిసారికే గొయ్యి దాటాడు, ఆగకుండా వెళ్లిపోయాడు. మీ గేమ్ ఆడేవాళ్లకి మీ భాష తెలియదనుకునే లెవెల్ కట్టండి. బెంగళూరులో అది తెలుసుకోవడానికి పక్క గది తలుపు కొడితే చాలు.

ఎంతమందికి ఇచ్చినా మూడే రాసుకోండి: ఎక్కడ చనిపోయారు, ఎక్కడ ఆగి ఆలోచించారు, ఎక్కడ నవ్వారు. "ఎలా ఉంది" అని అడిగితే బాగుందనే అంటారు, అడగకండి.

బయట పెట్టడం

గోడాట్‌లో వెబ్ ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఫైళ్లన్నీ ఒక జిప్‌లో పెట్టి, గేమ్‌లు పెట్టుకునే సైట్ ఇచ్.ఐఓలో ఎక్కించండి. అందులో ముఖ్యమైన హెచ్‌టీఎంఎల్ ఫైల్ పేరు index.html అని ఉండాలి, లేకపోతే పేజీ తెరుచుకోదు. గోడాట్ 4.3 లేదా తర్వాతిది వాడితే థ్రెడ్స్ (ఒకేసారి పలు పనులు నడిపే పద్ధతి) ఆపేసి ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, ఎక్కువ బ్రౌజర్లలో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మనవాళ్లు ఎక్కువమంది లింక్‌ని ఫోన్‌లోనే తెరుస్తారు కాబట్టి తెర మీద బటన్లు పెట్టండి, బొటనవేలు పట్టేంత పెద్దవి. అద్దం మీద వేలికి బటన్ అంచు తెలియదు కదా, అందుకని ఫోన్ కోసం కయోటీ టైమ్‌ని, బఫర్‌ని కాస్త పెంచండి, 0.15 దాకా పర్వాలేదు.

పేజీలో మారియో పేరుని గేమ్ పేరుగానో, బొమ్మగానో వాడకండి. "పాత ప్లాట్‌ఫార్మర్ గేమ్‌ల మీద ప్రేమతో" అని రాస్తే తెలిసినవాళ్లకి అర్థమైపోతుంది.

పెట్టిన మొదటి రెండు వారాలు కొత్తవేవీ కలపకుండా, వచ్చిన ఫిర్యాదులు మాత్రమే సరిచేయండి. బొమ్మలు బాలేవంటే రాసి పెట్టుకోండి, తర్వాత చూడొచ్చు. జంప్ బాలేదు అని ఒక్కరన్నా మాత్రం ఆ రోజే తెరిచి చూడండి. నాకు అలా చెప్పినాయన ఫోన్‌లో బ్యాటరీ సేవర్ పెట్టుకుని ఆడుతున్నాడు, ఫ్రేమ్స్ సగానికి పడిపోతున్నాయి, నేనేమో ఒక టైమర్‌ని సెకన్లలో కాకుండా ఫ్రేమ్స్‌లో లెక్కపెట్టాను. అందరికీ బాగుండి ఆయనకి మాత్రమే బాలేకపోవడానికి అదే కారణం.

నేను ఈ శనివారం రెండో లెవెల్‌కి గళ్ల కాగితం తీస్తున్నాను. ఆంటీ వాళ్ల అబ్బాయి ఈసారి ఆటో టాప్ మీద దూకే చోటు కావాలన్నాడు. ఆటో టాప్ మెత్తగా ఉంటుంది కాబట్టి పడినా సాంబారు ఒలకకూడదట. మొదటి తెరలోనే పెడుతున్నాను.